ఉత్తరమేరూరు కుండ: పెత్తనం ఎవరి చేతికి?

సంఘం ఏదైనా, అందులోని సభ్యులందరూ సమానులనే మొదలవుతుంది. కాని సమానులలో కొందరికి మిగిలినవారి మీద కొంత అధికారం ఇవ్వక తప్పదు. లెక్కలు చూసేవారు, తగవులు తీర్చేవారు, కట్టుబాటు తప్పినవారిని మందలించేవారు, మాట వినకపోతే పక్కన పెట్టేవారు లేనిదే పదిమంది కలిసి నాలుగు రోజులు నడవలేరు. ఆ కొందరూ ఎవరు? ఎవరు నిర్ణయించాలి? ఏ పద్ధతిలో? ఈ ప్రశ్నకు వెయ్యేళ్ళనాడు ఒక ఊరి సభ ఇచ్చుకున్న జవాబు రాతి మీద చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని ఈ వ్యాసంలో పరిశీలించదలచాం.

దీనికి ప్రేరణ ఒక చిన్న సంఘటన. ఉద్యోగరీత్యా తెలుగునాటికి వెలుపల చిరకాలంగా ఉంటున్నవాళ్ళం గనుక తెలుగు సంఘాల వార్షిక సమావేశాలు మాకు బాగా అలవాటు. అలాంటి ఒక సమావేశంలో (ఏ ఊరో, ఏ సంఘమో ఇక్కడ అప్రస్తుతం) ఒక యువకుడు లేచి, మూడేళ్ళుగా లెక్కలు చదవలేదేమని అడిగాడు. వేదిక మీద ఉన్న పెద్దలకు కోపం రాలేదు, బాధ కలిగింది. "ఏం నాయనా, మామీద నమ్మకం లేదా?" అన్నారు. అబ్బాయి తలవంచుకుని కూర్చున్నాడు. కార్యవర్గం యథాతథంగా మళ్ళీ ఎన్నికైంది. ఆ మర్నాడు తరగతిలో విద్యార్థులు ఈ సంగతి ఎత్తి, పూర్వం వాళ్ళు ఏం చేసేవారండీ అని అడిగారు. మేము జవాబు చెప్పకుండా ఉత్తరమేరూరు శాసన పాఠం చేతికిచ్చి చదవమన్నాం.

తమిళనాడులో కాంచీపురానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది ఉత్తరమేరూరు. పల్లవుల కాలంనాటి అగ్రహారం. శాసనాలలో దీని పేరు ఉత్తరమేరు చతుర్వేదిమంగలం. ఇక్కడి వైకుంఠ పెరుమాళ్ గుడి గోడల మీద మొదటి పరాంతక చోళుని 12వ, 14వ పాలనా సంవత్సరాలలో, అంటే క్రీ.శ. 919లోను, 921లోను, ఊరి మహాసభ చేసుకున్న రెండు తీర్మానాలున్నాయి. 1898లో శాసన శాఖవారు వీటి నకళ్ళు తీశారు. వి. వెంకయ్యగారు 1904-05 సంవత్సరపు పురావస్తు శాఖ నివేదికలో వీటిని లోకానికి పరిచయం చేశారు. 1932లో చోళుల చరిత్ర, పరిపాలనల మీద వెలువరించిన గ్రంథంలో కె.ఎ. నీలకంఠశాస్త్రిగారు వీటిని కూలంకషంగా చర్చించారు. శాస్త్రిగారు తిరునెల్వేలి ప్రాంతంలోని కల్లిడైకురిచ్చిలో తెలుగు కుటుంబంలో పుట్టినవారని మన విద్యార్థులు చాలామందికి తెలియదు. తరాల క్రితం దక్షిణానికి వలస వెళ్ళిన తెలుగువారి బిడ్డే తమిళ దేశ చరిత్రకు ప్రామాణిక గ్రంథాలు రాశాడు. ఆ కంచి సీమను 13వ శతాబ్దంలో కొంతకాలం నెల్లూరి తెలుగు చోళులు ఏలారనీ, తిక్కన ఆశ్రయించిన మనుమసిద్ధి ఆ వంశం వాడేననీ కూడా ఇక్కడే గుర్తుచేసుకోవచ్చు. అయితే అది తరువాతి మాట.

శాసనం తమిళంలో ఉంది; సంస్కృత పదాలకు గ్రంథ లిపి వాడారు. తమిళం రానివారికి కూడా ఇందులో చాలా మాటలు చుట్టాల్లాగే కనిపిస్తాయి. రాజును 'మదిరై కొండ' పరకేసరి అన్నారు. ఈ 'కొండ'కు మూలమైన కొళ్ ధాతువూ మన 'కొను' ధాతువూ సోదరులు. మదురను చేకొన్నవాడని అర్థం. 'తోట్ట వారియం' తోటల సంఘం. 'ఏరి' అంటే చెరువు, 'పొన్' అంటే బంగారం. సభలో చేసుకున్న తీర్మానానికి 'వ్యవస్థ' అని పేరు. ఈనాడు మనం వ్యవస్థ అంటే ఎక్కడో పైన ఉండి మనల్ని నడిపే యంత్రమేదో అనుకుంటున్నాం. వాళ్ళకు వ్యవస్థ అంటే కూర్చుని చేసుకున్న ఏర్పాటు. ఇక అధికారం పొందినవారిని 'పెరుమక్కళ్' అన్నారు. మాటకు మాట తెలుగు చేస్తే పెద్దమనుషులు. మన పల్లెల్లో తగవు చెప్పడానికి పిలిచేది పెద్దమనుషులనే కదా.

ఇప్పుడు అసలు ఏర్పాటు చూద్దాం. ఊరిని 30 కుడుంబులుగా, అంటే వాడలుగా విభజించారు. ఒక్కో వాడ నుంచి అర్హులైనవారి పేర్లు తాటాకు ముక్కల మీద రాయాలి. కుండలో వేసే ఓల గనుక దానికి 'కుడవోలై' అని పేరు. ఈ పద్ధతి మొత్తానికీ అదే పేరు నిలిచింది. అర్హతలు ఇవి: పన్ను కట్టే సొంత భూమి పావు వేలికి పైగా ఉండాలి (తరువాతి కాలపు తంజావూరు కొలతలో వేలి అంటే ఆరున్నర ఎకరాల పైచిలుకు). సొంత స్థలంలో కట్టుకున్న ఇంట్లో కాపురముండాలి. వయసు 35 దాటి, 70 లోపు ఉండాలి. మంత్ర బ్రాహ్మణాలు ఇతరులకు బోధించగలిగినంతగా తెలియాలి. ఒక వేదమూ, నాలుగు భాష్యాలలో ఒకటీ చెప్పగలిగిన పండితుడైతే భూమి వేలిలో ఎనిమిదో వంతున్నా చాలు. వ్యవహారజ్ఞానం ఉండాలి, సంపాదన న్యాయమైనదై ఉండాలి, గడచిన మూడేళ్ళలో ఏ వారియంలోనూ పనిచేసి ఉండకూడదు.

ఇంతవరకు ఏ సంఘం నియమావళిలోనైనా కనిపించే ధోరణే. శాసనం ప్రాణం దీని తరువాతి భాగంలో ఉంది. ఎవరు పనికివస్తారో నాలుగు ముక్కల్లో చెప్పి, ఎవరు పనికిరారో మాత్రం సావధానంగా, ఓపికగా చెప్పారు. ఆ జాబితాలో మొట్టమొదటివాడు ఎవరు? దొంగ కాదు, మహాపాపి కాదు. వారియంలో పనిచేసి లెక్క చూపనివాడు.

అతడొక్కడే కాదు. అతని బంధువులు కూడా. ఏ బంధువులో వరుసలు చెప్పారు: చిన్నమ్మ, పెద్దమ్మ కొడుకులు, మేనత్త కొడుకు, మేనమామ కొడుకు, మేనమామ, తండ్రి తోబుట్టువు, తన తోబుట్టువు, పిల్లనిచ్చిన మామ, బావమరిది, అక్కచెల్లెళ్ళ భర్తలు, మేనల్లుడు, అల్లుడు, తండ్రి, కొడుకు. మేనరికం పాటించే సమాజాలలో బంధుత్వ పదాలను పరిశీలించిన వారికి ఈ జాబితా బరువెంతో ఇట్టే తెలుస్తుంది. మేనమామ కొడుకే బావమరిది కావచ్చు, మేనల్లుడే అల్లుడు కావచ్చు. ఒక్క అగ్రహారంలో తరతరాలుగా ఇచ్చిపుచ్చుకునే కుటుంబాల మధ్య ఈ వరుసలన్నీ కలిపితే ఎంతమంది మిగులుతారు? ఒకడు లెక్క ఎగ్గొడితే ఊళ్ళో సగం ఇళ్ళకు దారి మూసుకుపోతుంది. కనుక అతన్ని లెక్క చూపించమని నిలదీసేది సభ కాదు. ఇంట్లో మామగారు, బావమరిది. నిఘా పెట్టే పని ఖర్చు లేకుండా ఇంటికే అప్పగించారు. ఇంత లోతుగా మనుషుల్ని ఎరిగిన నిబంధనను మేము మరెక్కడా చూడలేదు.

తరువాత పంచమహాపాతకాలలో మొదటి నాలుగూ చేసినవారు, అగమ్యాగమనం చేసినవారు, వారి బంధువులు, పరుల సొత్తు దొంగిలించినవారు, దుస్సాహసులు వస్తారు. గ్రామకంటకుడు, అంటే ఊరికి ముల్లులా తయారైనవాడు, ప్రాయశ్చిత్తం చేసుకున్నా సరే, జీవితాంతం అతని పేరు ఓల మీదికి ఎక్కకూడదు. బంగారం చూసే పొన్ వారియానికి, పంచవార వారియానికి (దీని పని ఏమిటన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు) ఇంకో రెండు నిషేధాలు చేర్చారు. గాడిద నెక్కినవాడు, దొంగ రాత రాసినవాడు పనికిరారు. గాడిద మీద ఊరేగించడం ఏ శిక్షో తెలుగు పాఠకులకు వివరించనక్కరలేదు.

ఇక ఓల తీసే తంతు. ఆ రోజు పిల్లలు, పెద్దలు సహా మహాసభ యావత్తూ కూడాలి. ఊళ్ళో ఉన్న నంబిమార్లు, అంటే గుడి అర్చకులు, ఒక్కరు కూడా తప్పకుండా లోపలి మండపంలో కూర్చోవాలి. వారిలో అందరికన్నా వయసులో పెద్దవాడు లేచి, చూపు పైకి నిలిపి, అందరికీ కనబడేలా కుండ ఎత్తి పట్టాలి. ఏమీ ఎరగని చిన్న పిల్లవాడు అందులోంచి ఒక వాడ కట్ట తీస్తాడు. ఆ కట్టలోని ఓలల్ని మరో ఖాళీ కుండలో పోసి కుదుపుతారు. అందులోంచి పిల్లవాడు ఒక్క ఓల తీసి మధ్యస్థుడి చేతికిస్తాడు. మధ్యస్థుడు దాన్ని అయిదు వేళ్ళూ చాచి, అరచేతిలో అందుకోవాలి. పేరు పైకి చదవాలి. తరువాత నంబిమార్లంతా అదే ఓలను చదవాలి. అప్పుడే ఆ పేరు ఖాయం.

అయిదు వేళ్ళూ చాచాలని ఎందుకు రాయవలసి వచ్చింది? ఎవరో ఎప్పుడో మూసిన పిడికిట్లో ఓల మార్చి ఉండాలి, లేదా మారుస్తారేమోనని ఊరంతా గుసగుసలాడుకుని ఉండాలి. శాసనం ఆ కథ చెప్పదు. కాని రెండు తీర్మానాలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఏదో జరిగిందనిపించక మానదు. 919 నాటి తీర్మానం కంటే 921 నాటిది చాలా విపులమైనది. మొదటిదానిలో వయసు 30 నుంచి 60. రెండవదానిలో అది 35 నుంచి 70 అయింది. కుర్రవాళ్ళు కొందరు తగ్గి ముసలివాళ్ళు కొందరు పెరిగారు. అనర్హతల జాబితా చాంతాడంత అయింది. మొదటిసారి తత్తనూరు మూవేందవేళాన్, రెండవసారి సోమాసిపెరుమాన్ అనే రాజోద్యోగులు రాజాజ్ఞ మీద సభలో కూర్చున్నారు. దుష్టులు నశించి తక్కినవారు వర్ధిల్లడానికి ఈ ఏర్పాటు అని కూడా చెప్పుకున్నారు. 'సూర్యచంద్రులున్నంత వరకు' అని శపథాలు చేసే కాలంలో రెండేళ్ళకే నిబంధనలు తిరగరాసుకోవడం మామూలు సంగతి కాదు. ఒక నియమం పెట్టి, అది ఎక్కడ చిరుగుతోందో చూసి, చిరిగిన చోట మళ్ళీ కుట్టుకున్నారన్నది మా అభిప్రాయం.

ఇలా 30 వాడల నుంచి 30 మంది వస్తారు. అక్కడితో అదృష్టం పని అయిపోయింది. పంపకంలో మాత్రం అనుభవం లెక్కకు వస్తుంది. ఇదివరకు తోట వారియంలోను, ఏరి వారియంలోను పనిచేసినవారు, విద్యావృద్ధులు, వయోవృద్ధులు అయిన 12 మంది సంవత్సర వారియానికి వెళతారు. అది అన్నిటికన్నా పైది. మిగిలినవారిలో 12 మంది తోటలకు, 6 గురు చెరువుకు. పదవి 360 రోజులు. ఆ తరువాత ఇంటికి. మధ్యలో తప్పు చేసినట్టు తేలితే ఆ క్షణమే తొలగింపు.

ఈ శాసనం పేరు చెప్పగానే 'వెయ్యేళ్ళనాటి ఎన్నికలు' అనడం పరిపాటి అయింది. 2020 డిసెంబరులో కొత్త పార్లమెంటు భవనానికి శంకుస్థాపన జరిగిన సభలో ప్రధానమంత్రి కూడా ఈ ఊరిని ప్రస్తావించారు. గర్వపడదగిన విషయమే. కాని చదివి గర్వపడితే బాగుంటుంది. ఇక్కడ ఓట్లు లేవు. ఎవరికి ఎక్కువమంది మద్దతుందో ఎవరూ లెక్కపెట్టలేదు. ప్రాచీన ఏథెన్సులోను ఇలాగే చీటీలు తీసి 500 మంది సభ్యుల మండలిని నియమించేవారు. చీటీ ప్రజాస్వామ్యానికి, ఎన్నిక కొద్దిమంది పాలనకు లక్షణమని అరిస్టాటిల్ అభిప్రాయం. అక్కడ కూడా పదవి దిగేవారు లెక్క అప్పగించవలసిందే. ఏథెన్సుకూ ఉత్తరమేరూరుకూ సంబంధముందని మేము అనడం లేదు. ఎన్నికలో బలగం ఉన్నవాడు, మాటకారి, విందు పెట్టగలిగినవాడు గెలుస్తాడని రెండు చోట్లా గ్రహించారు. చీటీ దగ్గర ఆ మూడూ చెల్లవు. కుండలో చెయ్యి పెట్టే పిల్లవాడికి చదువు రాదు, ఎవరి మొహమూ తెలియదు. చీటీకి ఇంకో గుణం కూడా ఉంది. ఎన్నికలో ఓడినవాడు శత్రువవుతాడు. చీటీలో రానివాడికి కోపగించుకోవడానికి మనిషి దొరకడు.

అలాగని పేరు లేని చీటీ ఎవరికైనా దక్కదు. ముందు గట్టి జల్లెడ పట్టి, ఆ జల్లెడలో మిగిలినవారి మధ్య మాత్రమే అదృష్టానికి చోటిచ్చారు. అందరిలోకీ ఉత్తముణ్ణి వెతకడానికి వాళ్ళు ప్రయత్నించలేదు. చెడ్డవాడు రాకుండా, వచ్చినవాడు పాతుకుపోకుండా చూస్తే చాలుననుకున్నారు. ఈ తేడా మన సంఘాలు గ్రహించవలసినది. 'ఆయన అంత సమర్థుడు ఇంకెవరున్నారు' అనే మాటతో ఎన్ని సంఘాలలో ఒకే వ్యక్తి ఇరవయ్యేళ్ళు కార్యదర్శిగా ఉండిపోలేదు?

అధికారం పొందినవారి సంగతి ఇలా ఉంటే, దక్కనివారి సంగతి ఏమిటి? దీనికి ఉత్తరమేరూరు కంటే పాతదైన మరో శాసనం చూడాలి. తిరునెల్వేలి ప్రాంతపు మానూరులో సుమారు క్రీ.శ. 800 నాటి పాండ్య శాసనం ఉంది. అక్కడి సభవారు, సభలో వచ్చిన ప్రతి ప్రతిపాదనకూ 'కాదు, కాదు' అంటూ అడ్డుపడేవారికీ, వారిని సమర్థించేవారికీ విషయానికి అయిదు కాసుల చొప్పున జరిమానా వేశారు. మా విద్యార్థులు ఇది చదివి నవ్వారు. తరువాత ఒక అమ్మాయి, "లెక్క అడిగినవాణ్ణి కూడా 'కాదు' అన్నవాడి కిందే జమకట్టి జరిమానా వేయొచ్చు కదండీ" అంది. వేయొచ్చు. మానూరు నియమం ఒక్కటే ఉంటే అది పెద్దల చేతిలో కర్ర అవుతుంది. ఉత్తరమేరూరు నియమం ఒక్కటే ఉంటే సభలో పని సాగకపోవచ్చు.

ఇంతా చెప్పి, చీకటి కోణం చెప్పకపోతే అది చరిత్ర కాదు, స్తోత్రం. ఓల మీద పేరెక్కే హక్కు భూమి ఉన్న, వేదం చదివిన బ్రాహ్మణ పురుషులకు మాత్రమే. అగ్రహారాలకు సభలు, రైతుల గ్రామాలకు 'ఊర్'లు, వర్తకులకు నగరాలు వేరువేరుగా ఉండేవి గనుక ఇది ఒక వర్గం వారి సంస్థ. ఆ పొడుగాటి బంధువుల జాబితాలో స్త్రీలు వరుస కలిపే లంకెలుగానే కనబడతారు; ఒక్క స్త్రీ పేరు కూడా కుండలోకి వెళ్ళలేదు. చెరువులో పూడిక తీసిన చేతులు, ఆ నీళ్ళతో పొలం దున్నిన చేతులు ఏరి వారియంలో కూర్చోలేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ గ్రామ గణతంత్రాల కీర్తనను అంత తీవ్రంగా ఖండించడానికి కారణం ఇలాంటి నిజాలే. అదే నెలలో పంచాయతీలకు సంబంధించిన 40వ అధికరణాన్ని సభ ఆమోదించింది కూడా. 1993లో అమలులోకి వచ్చిన 73వ సవరణ వల్ల గాని స్త్రీలకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు ఆ పీటల మీద దేశమంతటా హక్కుగా చోటు దక్కలేదు. అన్నిటికీ మించి, రెండు తీర్మానాలూ రాజోద్యోగి ఎదుటే జరిగాయన్నది మరచిపోరాదు. స్వయంపాలన అన్నది నిజమే, రాజు కళ్ళెదుట అన్నదీ నిజమే.

అంచేత ఈ శాసనాన్ని పూజించమని మేము విద్యార్థులకు చెప్పలేదు. కుండలోకి ఎవరి పేర్లు వెళ్ళాలన్న విషయంలో వాళ్ళ దృష్టి ఇరుకు. కుండలోంచి వచ్చినవాణ్ణి ఎలా పట్టి ఉంచాలన్న విషయంలో మాత్రం వాళ్ళు మనకంటే చాలా ముందున్నారు. ముఖ్యంగా శాసనం చివర లెక్కలు రాసేవాడి గురించిన నియమం చూడండి. న్యాయార్జన గల మధ్యస్థుడే ఊరి లెక్క రాయాలి. తాను రాసిన లెక్క వారియం పెద్దలకు అప్పగించి, నిజాయితీపరుడని వారు తేల్చేవరకు అతనికి మళ్ళీ ఆ పని ఇవ్వకూడదు. అతని లెక్క అతనే అప్పగించాలి. ముగించడానికి ఇంకొకణ్ణి పెట్టకూడదు. ఈ చివరి ముక్క కోసం ఆ గోడ దగ్గరికి వెళ్ళవచ్చు.

నిజంగానే వెళ్ళాం. పోయిన చలికాలంలో పదకొండు మంది విద్యార్థులతో కంచి మీదుగా బస్సులో వెళ్ళి ఒక పూటంతా ఆ మండపంలో గడిపాం. తమిళం చదవగలిగినవారు అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుతుంటే తక్కినవారు తెలుగు లిపిలో రాసుకున్నారు. ఆనాడు సంఘ సమావేశంలో తలవంచుకుని కూర్చున్న యువకుడు కూడా వారిలో ఉన్నాడు. తిరిగి వచ్చాక అతడూ, మరో ఇద్దరూ కలిసి తమ సంఘానికి ఒక ప్రతిపాదన రాసిచ్చారు. గత కాలపు లెక్కలు సభ ముందు చదివి ఆమోదం పొందనివారు కార్యవర్గానికి పోటీ చేయరాదన్నది అందులోని ఏకైక అంశం. బంధువుల మాట మాత్రం మేమే వద్దన్నాం. ఆ ప్రతిపాదన వచ్చే సర్వసభ్య సమావేశానికి వాయిదా పడింది.